సీఏ రీజినల్ కౌన్సిల్‌కి నిలబడదామనుకుంటున్నాను, పోటీ చేసినవాళ్లు, దగ్గరుండి చూసినవాళ్లు చెప్పండి

గోదావరి_ఆడిటర్
అందరికీ నమస్కారం. చాలాకాలంగా సొంత ప్రాక్టీసు. మా ఊరి సీఏ ఇన్‌స్టిట్యూట్ బ్రాంచి కమిటీలో పనిచేశాను, ఒక ఏడాది ఛైర్మన్‌గా కూడా ఉన్నాను. ఈసారి ఎస్ఐఆర్‌సీకి, అంటే దక్షిణాది రీజినల్ కౌన్సిల్‌కి, నామినేషన్ వెయ్యమని మావాళ్లు ఒకటే పోరు. బ్రాంచి ఎన్నికంటే అన్నీ తెలిసిన మొహాలే. ఇక్కడేమో మన రెండు రాష్ట్రాలతో పాటు తమిళనాడు, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి, లక్షద్వీప్ అన్నీ కలిపి ఒకటే రీజియన్. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ ఓట్ల ముందు మా ఊరి ఓట్లు ఏ మూలకి? అసలు చిన్న బ్రాంచివాడికి ఛాన్స్ ఉంటుందా?

బెజవాడ_బ్యాలెన్స్‌షీట్
ఉంటుంది సార్. ఇది ఎక్కువ ఓట్లు వచ్చినవాడు గెలిచే ఎన్నిక కాదు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లాగే ప్రాధాన్యత ఓటు. తేడా ఏంటంటే అక్కడ ఒకటే సీటు, ఇక్కడ చాలా సీట్లు, అందుకే కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్ల సంఖ్య, కిందికి దిగుతుంది. ఉదాహరణకి చెల్లిన ఓట్లు 1000, సీట్లు 4 అనుకోండి. 1000ని 5తో భాగించి ఒకటి కలిపితే 201. అన్ని వస్తే గెలిచినట్టే. దాటినవాళ్ల మిగులు ఓట్లు కింది ప్రాధాన్యతలకి పోతాయి. ఇంకా సీట్లు మిగిలితే అందరికంటే తక్కువ వచ్చినవాణ్ని తీసేసి, అతని కాగితాల మీద తర్వాతి నంబరు ఎవరిదో వాళ్లకి కలుపుతారు.

కాబట్టి మీకు రెండు పనులు. మీ ఊరు, చుట్టుపక్కల బ్రాంచిలు కలిసి మొదటి ప్రాధాన్యత గట్టిగా వెయ్యాలి. అది లేకపోతే మొదటి రౌండ్లలోనే ఎలిమినేట్ అవుతారు, మీకు పడిన రెండో ప్రాధాన్యతలన్నీ దండగే. ఇక బయట ఊళ్లలో ‘నాకే వెయ్యండి’ అని పట్టుబట్టకండి. వాళ్లకి వాళ్ల మనిషి ఉంటాడు. ‘మీవాడికి ఒకటి, నాకు రెండు’ అంటే ఎవరూ మొహం చిట్లించరు. మా సీనియర్ ఒకాయన మొదట్లో ఎక్కడో వెనకున్నాడు, ఎలిమినేషన్ మొదలయ్యాక మెల్లగా పైకొచ్చాడు. పక్కవాడి మనుషులతో గొడవ పెట్టుకోకపోవడమే ఆయన చేసిన ప్రచారం.

కూకట్‌పల్లి_సీఏ
పైనది కరెక్టే. ఒకటి కలుపుతాను. టిక్కు పెడితే ఓటు చెల్లదు, అంకె 1 ఉండాల్సిందే. ఇద్దరికి 1 వేసినా చెల్లదు. లెక్కలు చూసే వృత్తిలో ఉండి టిక్కు పెట్టి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారంటే నమ్ముతారా! పోలింగ్ రోజు సెంట్రల్ కౌన్సిల్‌కి ఒక బ్యాలెట్, రీజినల్‌కి ఒకటి ఇస్తారు. హడావుడిలో రెండోది సరిగా చూడరు. మీ కుర్రాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

పన్నుల_పద్మ
డబ్బు, ఓట్లు అందరూ చెబుతారు, టైము సంగతి నేను చెబుతాను. మావారు పోటీ చేసిన ఏడాది మా ఆఫీసు నేనే చూశాను. పోలింగ్ మామూలుగా డిసెంబరు మొదట్లో. అంటే ఊళ్లు తిరగాల్సింది అక్టోబరు, నవంబరుల్లో. సెప్టెంబరు 30కి టాక్స్ ఆడిట్ రిపోర్టులు, అక్టోబరు 31కి ఆడిట్ కేసుల రిటర్నులు, గడువు పొడిగిస్తే అవి ఇంకా పోలింగ్ దగ్గరికి జరుగుతాయి. డిసెంబరు 31కి జీఎస్టీ వార్షిక రిటర్నులు రెడీగా కూర్చుని ఉంటాయి. ఆయన రైల్లో ఉంటే క్లయింటు ఫోను నాకు. ‘సార్ లేరా? ఎప్పుడొస్తారు?’ అని రోజూ అదే పాట. సంతకం పెట్టే పార్ట్‌నరు ఇంకొకరు ఉంటే దిగండి. ఒంటరి ప్రాక్టీసైతే టెన్షన్ మామూలుగా ఉండదు. గెలిచాక కూడా తీరిక ఉండదు, మీటింగులన్నీ చాలావరకు చెన్నైలోనే కదా.

ఆడిట్_అన్న
నిజం చెప్పమంటారా? కులం, ఊరు, చదివిన కాలేజీ, ఏ సార్ దగ్గర ఆర్టికల్స్ (సీఏ చదువులో చేసే ఆఫీసు శిక్షణ) చేశాడు, ఇవే నడుస్తాయి. ఆర్టికల్స్ సార్ ఫోను చేస్తే కాదనేవాడు తక్కువ. మీ మ్యానిఫెస్టో ఎవడూ చదవడు.

కూకట్‌పల్లి_సీఏ
నడుస్తాయి గానీ కాగితం మీద పెడితే చిక్కే అన్నా. మ్యానిఫెస్టోలో కులం, మతం, ప్రాంతం పేరు చెప్పి ఓటు అడక్కూడదు. అవతలి అభ్యర్థి ఊసు ఎత్తకూడదు, నేరుగా గానీ డొంకతిరుగుడుగా గానీ. పైగా ఒకటే మ్యానిఫెస్టో. విందులు, బహుమతులు నిషేధం. రూల్స్ 2006 నాటివి, తప్పితే క్రమశిక్షణ చర్య, అంటే సీఓపీకే, ప్రాక్టీసు చేసుకునే సర్టిఫికెట్‌కే, ముప్పు రావచ్చు. గోదావరి గారూ, మీ తరఫున అత్యుత్సాహంతో వాట్సాప్‌లో పోస్టులు పెట్టే బ్యాచ్ ఒకటి తయారవుతుంది. వాళ్లని ముందే అదుపులో పెట్టండి. మా ఊళ్లో ఒకతని పేరుతో ఎవరో లంచ్ పెట్టారు. అతనికే తెలియదట, సంజాయిషీ మాత్రం అతనే రాసుకోవాల్సి వచ్చింది.

తెనాలి_టు_పుణె
నేను మీకు ఓటు వెయ్యలేను, సారీ! ప్రొఫెషనల్ అడ్రసు పుణెకి మార్చాక నా ఓటు వెస్ట్రన్ రీజియన్‌లోకి పోయింది. ఎన్నిక జరిగే ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నాటికి రిజిస్టర్‌లో పేరు ఉన్నవాళ్లకే ఓటు. కాబట్టి ‘మా బ్యాచ్ అంతా నావాళ్లే’ అని లెక్క వేసుకునేముందు ఎవరు ఎక్కడున్నారో చూసుకోండి. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లలో చాలామంది ముంబై, గుర్‌గావ్ అడ్రసుల్లో ఉంటారు. అదే బెంగళూరు, చెన్నై అయితే మీ ఓటే, కాకపోతే వాళ్లకి ఎన్నికలున్నాయని గుర్తుచేసేవాళ్లు ఉండరు. మీ అసలు అవకాశం అక్కడుందని నా అనుమానం. ఇండస్ట్రీలో ఉన్నవాళ్లని ఎవరూ అడగరు.

గోదావరి_ఆడిటర్
ఇది బాగుంది. నా ఆలోచన అంతా ప్రాక్టీసు వాళ్ల చుట్టూనే తిరుగుతోంది. కానీ వాళ్లని ఎక్కడ పట్టుకోవాలి? బ్రాంచి సెమినార్లకి రారు కదా.

బెజవాడ_బ్యాలెన్స్‌షీట్
సీపీఈ గంటలు, అంటే మెంబర్లు పూర్తి చెయ్యాల్సిన నిరంతర శిక్షణ గంటలు, వాళ్లకీ కావాలి. శనివారం సాయంత్రం ఆన్‌లైన్‌లో జీఎస్టీ మీద రెండు గంటలు బాగా చెప్పేవాడికి వాళ్లు వస్తారు. చెప్పడం మీకు వచ్చంటే ఇప్పటినుంచే మొదలెట్టండి. ఎన్నికల ఏడాది మొదలెడితే ‘ఓట్ల కోసం వచ్చాడు’ అంటారు. స్టేజీ ఎక్కితే ఓటు ప్రస్తావన తేవద్దు, టాపిక్ చెప్పి దిగిపోండి. ఒక గ్రూపుకి రివర్స్ ఛార్జ్ మీద గంటసేపు సందేహాలు తీర్చిన మనిషిని పేరు అడగకుండానే గుర్తుపెట్టుకుంటారు.

పన్నుల_పద్మ
ఇంకొకటి, ఆర్టికల్స్ పిల్లల్ని తక్కువ చెయ్యకండి. వాళ్లకి ఓటు లేదు. కొన్నేళ్లు తిరిగేసరికి మెంబర్లవుతారు. మావారు ఊళ్లు తిరిగినప్పుడు ‘సార్, మీరు మా సికాసాలో (సీఏ విద్యార్థుల సంఘంలో) క్లాసు చెప్పారు’ అని పలకరించి నలుగురికి పరిచయం చేసినవాళ్లు ఆ కుర్రాళ్లే.

గోదావరి_ఆడిటర్
ధన్యవాదాలు మేడమ్, అందరికీ. పార్ట్‌నర్‌తో రేపు కూర్చుంటాను. సెప్టెంబరు సంతకాలు తాను చూసుకుంటానంటేనే నామినేషన్ మాట. నెల్లూరు, కర్నూలు వైపు ఉన్నవాళ్లెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.

ఆడిట్_అన్న
కర్నూలే. మాకు మా మనిషి ఉన్నాడు. రెండో ప్రాధాన్యత చూద్దాం లెండి.