వర్చువల్ మెషీన్‌లో నెట్ తెగిపోతుంటే తప్పు బ్రిడ్జ్‌దేనా?

శ్రీకాకుళం సభ్యుడు:
ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉబుంటు సర్వర్ నడుపుతున్నాను. నెట్‌వర్క్‌ను బ్రిడ్జ్‌లో (వర్చువల్ మెషీన్ విడి కంప్యూటర్‌లా నేరుగా నెట్‌వర్క్‌లో చేరే పద్ధతి) పెడితే పది నిమిషాలు గడవకముందే కనెక్షన్ తెగిపోతోంది. నాట్‌కు (ల్యాప్‌టాప్ చాటున ఉండి దాని చిరునామాతోనే బయటికి వెళ్లే పద్ధతి) మార్చగానే కుదుటపడింది. కాబట్టి అందరూ బ్రిడ్జ్‌ను వదిలి నాట్ వాడడమే మేలని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పగలరు.

విజయనగరం సభ్యుడు:
మీ అనుభవాన్ని కాదనను గానీ, దాని నుంచి మీరు తేల్చిన మాటను ఒప్పుకోలేను. ఇక్కడ ఒక కళాశాల ల్యాబులో మేమూ చాలా రోజులు బ్రిడ్జ్‌నే అనుమానించాం. ఒక ఉబుంటు సర్వర్‌ను శ్రద్ధగా తయారుచేసి, దాని నకళ్లను మిగతా కంప్యూటర్లన్నింటిలో పెట్టాం. ప్రతి నకలుకూ కొత్త మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఇచ్చాం కనుక అటువైపు ఆలోచనే పోలేదు. స్విచ్ మార్చాం, కేబుళ్లు మార్చాం, ఫలితం లేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఏఆర్‌పీ పట్టికను (ఏ ఐపీ చిరునామా ఏ మ్యాక్‌దో చూపే జాబితా) పదే పదే తెరిచి చూస్తుంటే, ఒకే ఐపీకి ఎదురుగా ఉన్న మ్యాక్ చివర ఒకసారి 3ఎఫ్ అని, అర నిమిషం తరవాత ఏ7 అని కనిపించింది. రెండు మెషీన్లు ఒకే చిరునామా కోసం పెనుగులాడుతున్నాయి. ఉబుంటు సర్వర్ 18.04 నుంచి డీహెచ్‌సీపీ సర్వర్‌కు (ఐపీ చిరునామాలు పంచిపెట్టేది) తన గుర్తుగా చెప్పుకునేది మ్యాక్‌ను కాదు, మెషీన్ ఐడీ (ఒక్కో సిస్టమ్‌కు వేరుగా ఉండాల్సిన సంఖ్య) నుంచి పుట్టించిన గుర్తును. నకలుతోపాటు అదీ అలాగే వచ్చేసింది. అసలు కాపీలో మెషీన్ ఐడీ ఫైలును తొలగించకుండా ఖాళీ మాత్రం చేసి, ఆ తరవాత నకళ్లు తీస్తే సమస్య పోయింది. నాట్‌లో మామూలుగా ప్రతి మెషీన్‌కూ 10.0.2.15 అనే చిరునామాయే వచ్చినా, దేని గది దానిది కనుక తగువు రాదు. నాట్ పెట్టి ఊరుకుని ఉంటే ఈ లోపం మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. పైగా మా విద్యార్థులు ఒక బల్ల మీది సర్వర్‌లోకి మరో బల్ల నుంచి లాగిన్ కావాలి. నాట్‌లో అయితే దానికి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను లోపలి మెషీన్‌కు మళ్లించే నియమం) ఒక్కొక్కటిగా రాసుకోవాలి.

శ్రీకాకుళం సభ్యుడు:
వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలండి. అయితే నా దగ్గర నకళ్లేవీ లేవు. ఒకటే మెషీన్, అదీ వైఫై మీద.

విజయనగరం సభ్యుడు:
వైఫై అయితే సంగతి వేరు. యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పరికరం) తనతో జతపడిన మ్యాక్ నుంచి వచ్చిన ఫ్రేములనే (డేటా ముక్కలనే) తీసుకుంటుంది. అందుకే వర్చువల్‌బాక్స్ బయటికి పంపే ప్రతి ఫ్రేములోనూ గెస్ట్ (వర్చువల్ మెషీన్) మ్యాక్ తీసేసి, హోస్ట్ (దాన్ని నడిపే ల్యాప్‌టాప్) మ్యాక్ పెడుతుంది. ఈ సర్దుబాటు అన్ని అడాప్టర్లతోనూ, అన్ని రౌటర్లతోనూ సరిగా పొసగదు. ఇంతవరకూ మీ మాట నిజమే. అయినా తీర్పు చెప్పేముందు హోస్ట్ నుంచీ గెస్ట్ నుంచీ ఒకేసారి రౌటర్‌కు పింగ్ (జవాబు వస్తోందా అని పంపే చిన్న సందేశం) పెట్టి చూడండి. రెండూ ఒకే క్షణంలో ఆగితే వర్చువల్ మెషీన్‌ను అనుమానించాల్సిన పని లేదు. తరవాత కేబుల్ పెట్టి, అదే బ్రిడ్జ్‌తో మళ్లీ చూడండి.

శ్రీకాకుళం సభ్యుడు:
నిన్న రాత్రి చూశాను. కేబుల్ మీద మూడు గంటల్లో ఒక్క పింగ్‌కు కూడా జవాబు తప్పలేదు. వైఫైకి మార్చిన ఆరు నిమిషాలకు గెస్ట్ పింగ్ ఆగింది, హోస్ట్ పింగ్ మాత్రం నడుస్తూనే ఉంది. ‘అందరూ’ అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. వైఫై మీద నాట్ మేలన్న మాట మీద మాత్రం నిలబడతాను.