‘ఐడియేట్’ అసలు ఇంగ్లీషు మాటేనా?

ఫైనలియర్ ఈసీఈ: హాస్టల్ మెస్‌లో అన్నం వృథా కాకుండా ఒక యాప్ చేశాం. రిపోర్టులో ‘వి ఐడియేటెడ్, దెన్ బిల్ట్ ఎ ప్రోటోటైప్’ అని రాస్తే గైడ్ గారు ఎర్రపెన్నుతో కొట్టేశారు. ‘ఇలాంటి మాటే లేదు, థింక్ అని రాయండి’ అన్నారు. ఉంచాలా, తీసేయాలా?

పాత సబ్ఎడిటర్: లేదనడం సరికాదు తమ్ముడూ. 17వ శతాబ్దం నుంచే ఇంగ్లీషులో ఉంది. ‘ఐడియా’కి మూలమైన గ్రీకు క్రియకు చూడటం అని అర్థం. మనసులో ఒక రూపాన్ని చూడటమనే ఆ భావం ప్లేటో తత్వంలోంచి వచ్చింది. అయినా నేనైతే తీసేస్తాను. ఇప్పుడు ఆఫీసుల్లో నలుగురు కూర్చుని మాట్లాడుకున్నా ఐడియేషనే. అంత అరిగిన మాట చదివేవాళ్లకు ఏమీ చెప్పదు.

డిజైనర్ హైదరాబాద్: అక్కడే నాకు అభ్యంతరం సార్. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని డిజైన్ సంస్థ డీస్కూల్ నేర్పే డిజైన్ థింకింగ్ పద్ధతిలో ఎంపథైజ్ (వాడేవాళ్ల ఇబ్బంది తెలుసుకోవడం), డిఫైన్ (సమస్యేంటో తేల్చుకోవడం) అయ్యాక మూడో దశ ఐడియేట్. ప్రోటోటైప్, టెస్ట్ దాని తర్వాతే. ఆ దశకో కట్టుబాటుంది: ముందు తోచినవన్నీ రాసి గోడకు అంటించాలి, బాగోగులు తర్వాతే ఎంచాలి. యాడ్ ఏజెన్సీ నడిపిన అలెక్స్ ఆస్బర్న్ బ్రెయిన్‌స్టార్మింగ్‌కి పెట్టిన నియమమూ ఇదే. ‘థింక్’ అంటే ఇదంతా రాదు.

సైకియాట్రీ పీజీ: మాకైతే రోజూ వాడే మాట. కేస్ షీట్‌లో సూసైడల్ ఐడియేషన్ (ఆత్మహత్య ఆలోచన), ఇంటెంట్ (ఉద్దేశం), ప్లాన్ విడివిడిగా రాస్తాం. ఆలోచన రావడం వేరు, ప్లాన్ దాకా వెళ్లడం వేరు. పేషెంట్‌ని అడ్మిట్ చేయాలా అన్నది ఆ తేడా కూడా చూసుకునే తేల్చుకుంటాం. అలాంటి మాటను లేదంటే ఎలా?

పాత సబ్ఎడిటర్: వార్డులో దాని అవసరాన్ని నేను కాదనను డాక్టర్ గారూ. నా పేచీ ఈ రిపోర్టుతోనే. తమ్ముడూ, ఏమేం అనుకున్నారు? ఏది ఎందుకు వదిలేశారు?

ఫైనలియర్ ఈసీఈ: ముందురోజే భోజనానికి టిక్ పెట్టించడం, తిన్నాక ప్లేటు తూకం వేయడం, మిగిలింది బయట పంచడం. తూకం దగ్గర క్యూ పెరుగుతుందని అది వదిలేశాం. పంచడానికి వార్డెన్ ఒప్పుకోలేదు. ఇవేవీ రిపోర్టులో లేవు సార్.

పాత సబ్ఎడిటర్: అవి రాయండి ముందు. అవి ఉంటే ఆ మాట ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

డిజైనర్ హైదరాబాద్: హెడ్డింగ్‌గా ‘ఐడియేట్’ ఉంచి, కింద ఆ మూడూ కారణాలతో సహా పెట్టు తమ్ముడూ. వైవాలో అడిగితే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తీసి గైడ్ గారికి మర్యాదగా చూపించు.