తిత్తిలోని నీరు పరీక్షిస్తే క్యాన్సరో కాదో తేలుతుందా?

పాలకొల్లు కోడలు: మా వదినకు 42 ఏళ్లు. భీమవరంలో స్కానింగ్ తీయిస్తే ఎడమ అండాశయంలో 7 సెంటీమీటర్ల నీటితిత్తి ఉందన్నారు. రక్తంలో సీఏ-125 (అండాశయ క్యాన్సర్‌లో తరచూ పెరిగే ఒక ప్రొటీన్) విలువ 61 వచ్చింది, 35 లోపు ఉండాలట. సూదితో నీరు తీసి ల్యాబుకు పంపితే చాలని ఊళ్లో ఆర్‌ఎంపీ గారి సలహా. కాకినాడ డాక్టరమ్మ మాత్రం సూది మాటే ఎత్తవద్దన్నారు. ఎవరి మాట వినాలి?

తణుకు ల్యాబ్ మనిషి: ఆర్‌ఎంపీని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. నెలసరితో వచ్చిపోయే తిత్తి నీటిలో ఈస్ట్రడయోల్ అనే హార్మోను ఎక్కువ, సీఏ-125 తక్కువ. కణితి అయితే చాలాసార్లు ఇది తారుమారవుతుంది. 2016లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 77 మంది తిత్తి నీటిలో జన్యుమార్పులు వెదికారు. 31 క్యాన్సర్లలో 28 దొరికాయి. కణితి కాని పది తిత్తుల్లో ఒక్కటీ లేదు. దేశంలో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ఒకటి. కత్తి తప్పించే దారి ఉంటే వెదకవద్దా?

అమలాపురం గైనిక్: వెదకండి, కానీ ఆ 77 మందీ ఆపరేషన్‌కు వచ్చినవారే. కడుపులోకి సూది దించి ఇంటికి పంపినవారు కారు. ఇక మీరు చెప్పిన తారుమారు వల్ల తేలేది కణితా, నెలసరి తిత్తా అన్నది మాత్రమే. ప్రమాదం లేని కణితి నీటిలోనూ సీఏ-125 వేలల్లో ఉండవచ్చు. అంటే వీళ్లు అడిగిన ప్రశ్నకు అది జవాబే కాదు. నీటిలో క్యాన్సర్ కణాలు రాలకపోతే 'ఏమీ లేదు' అని రిపోర్టు వస్తుంది, దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చుంటారు. నాకు భయం అక్కడే.

మరో సంగతి. క్యాన్సర్ ఒక్క అండాశయంలోనే, పొర చిట్లకుండా ఉంటే అది 1ఏ దశ. ఆపరేషన్‌లో సర్జన్ చేతిలో చిట్లినా క్యాన్సర్ దశల 2014 నాటి వర్గీకరణ ప్రకారం అంతకు పై మెట్టు, 1సీ1 అవుతుంది. కీమో అవసరం లేని మనిషికి కీమో గురించి ఆలోచించాల్సి వస్తుంది. అనుమానం ఉన్న తిత్తికి మనమే చిల్లు పెట్టడమెందుకు?

61 చూసి కంగారుపడకండి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), పొట్టలో క్షయ, చివరికి నెలసరి రోజులైనా ఆ అంకెను పెంచుతాయి. స్కానింగ్ కాగితంలో గదులు, గట్టి భాగాలు, పొట్టలో నీరు గురించి ఏం రాశారు?

పాలకొల్లు కోడలు: గదులు రెండు. గట్టి భాగం లేదు, పొట్టలో నీరూ లేదు. ఎడమవైపు ఒక్కటే. నెలసరి ఇంకా వస్తోంది.

అమలాపురం గైనిక్: అయితే క్యాన్సర్ ముప్పును అంచనా వేసే మా లెక్కలో, గదులు ఒకటికి మించాయి కాబట్టి స్కానింగ్‌కు 1, నెలసరి ఆగలేదు కాబట్టి 1, రెండింటినీ 61తో గుణిస్తే 61. అనుమానించడానికి ఎక్కువగా వాడే హద్దు 200. అంతమాత్రాన వదిలేయమనడం లేదు. ఎమ్మారై తీయించి, ఆ డాక్టరమ్మకే చూపించండి.

తణుకు ల్యాబ్ మనిషి: ఆ గుణకారం కూడా తప్పుతుంది కదండీ. తిత్తిని సంచిలో పెట్టి చిట్లకుండా బయటికి తీశాక, ఆ నీటిని పారబోయకుండా మాకు పంపినా మీకు అభ్యంతరమా?

అమలాపురం గైనిక్: బయటికి వచ్చాక బకెట్టుతో సహా పట్టుకెళ్లండి. నా తగాదా సూదితోనే.