మెంతిరంగుకి ముఖం వాడిపోతోంది, రాణీ పింక్‌కి వెలుగుతోంది. అంటే నేను కూల్ అన్నట్టేనా?

గోరింటపూలు:

చామనఛాయ, నల్ల జుట్టు, బాగా ముదురు గోధుమరంగు కళ్ళు. నా సీజన్ ఏదో, అంటే నప్పే రంగులను బట్టి మనుషుల్ని స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్ అని విడదీసే పద్ధతిలో నాది ఏ గుంపో, తేల్చుకోవాలని చూస్తున్నాను. మణికట్టు దగ్గర నరాలు పచ్చగా కనిపిస్తున్నాయి, అలా ఉంటే వార్మ్ (పసుపు వైపు మొగ్గే రంగులు నప్పేవాళ్ళు; నీలం వైపువి నప్పితే కూల్) అంటున్నారు. బంగారం, వెండి రెండూ ఒకేలా ఉన్నాయి. ఫోటో పెడితే ఒక యాప్ డీప్ ఆటమ్ అంది, ఇంకోటి సాఫ్ట్ సమ్మర్ అంది. చీరలు భుజాన వేసుకుని అద్దంలో చూస్తే, మెంతిరంగు పట్టుచీరకి ముఖం వాడిపోయి మూతి చుట్టూ నల్లగా తేలుతోంది. రాణీ పింక్‌కి ఆ నలుపు కనబడటం లేదు. మెంతిరంగు వార్మ్, రాణీ కూల్ కాబట్టి నేను కూల్ అనుకోవచ్చా? మరి నరాల సంగతేంటి? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి ఉంటే ఏ గుడ్డలు, ఏ వెలుతురు, ముఖంలో ఏం చూడాలో కాస్త విడమరిచి చెప్పండి.

జాకెట్టుముక్క:

నరాల పరీక్ష వదిలేయండి. నరంలో రక్తం ఎప్పుడూ ముదురు ఎరుపే. అది ఎంత లోతులో ఉంది, పైన చర్మంలో మెలనిన్ ఎంత ఉంది అన్నదాన్ని బట్టి మన కంటికి నీలంగానో పచ్చగానో తోస్తుంది. చామనఛాయలో పచ్చగా కనబడటం మామూలే, దాన్నిబట్టి వార్మ్ అనడానికి లేదు.

అసలు చిక్కు మీ రెండు చీరల పోలికలో ఉంది. ఏ రంగునైనా మూడు కొలతలతో చూస్తాం: వార్మా కూలా, లేతా ముదురా, తేటా మసకా. అమెరికా చిత్రకారుడు మన్సెల్ 1905లో రంగులను కొలిచే పద్ధతి రాసినప్పటి నుంచీ ఈ మూడూ విడివిడి లెక్కలే, నాలుగు సీజన్లనీ మూడేసిగా విడదీసిన పన్నెండు సీజన్ల పద్ధతి కూడా వీటిమీదే నిలబడింది. మెంతిరంగు వార్మ్, దాంతోపాటు మసక కూడా. రాణీ కూల్, దాంతోపాటు బాగా తేట. మీరు రెండు కొలతలు ఒకేసారి మార్చేశారు. మెంతిరంగు నప్పకపోవడానికి దాని వేడి కారణమా, మసక కారణమా అన్నది ఈ పోలికలో తేలదు. పైగా అది పట్టు, జరీ ఉంటుంది. జరీ నుంచి గడ్డం కిందికి పసుపు వెలుతురు కొడుతుంది.

కాబట్టి చీరలతో వద్దు. మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళి టూ బై టూ కాటన్ జాకెట్టు ముక్కలు తెచ్చుకోండి. మెరుపు ఉండదు, ఒకే నేతలో వందల షేడ్లు దొరుకుతాయి. ఈ పనికి మనకున్నంత సౌకర్యం బయటి దేశాల వాళ్ళకి లేదు. మీటరు ముక్క చాలు. డబుల్ షేడ్ గుడ్డ మాత్రం తీసుకోవద్దు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉంటే మడత తిరిగినప్పుడల్లా రంగు మారుతుంది.

ముక్కలు జతలుగా ఎంచుకోవాలి, ఒక్కో జతలో ఒక్క కొలతే మారాలి. వార్మ్-కూల్ కోసం కనకాంబరం రంగు పక్కన రాణీ, మిరపపండు ఎరుపు పక్కన దానిమ్మగింజ ఎరుపు. తేట-మసక కోసం బంతిపువ్వు పసుపు పక్కన మెంతిరంగు (రెండూ వార్మే), రాణీ పక్కన ఉల్లిపొర రంగు, ఆనందబ్లూ పక్కన బూడిద కలిసిన నీలం. లేత-ముదురు కోసం లేత ఆకాశనీలం పక్కన నేవీ. వీటికి తోడు నీలిమందు పెట్టినట్టుండే తెలుపు, హాఫ్ వైట్. మొదటి రెండు రకాల జతల్లో ముదురుదనం సమానంగా ఉందో లేదో కొట్లోనే చూసుకోవచ్చు: రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. రెండూ ఇంచుమించు ఒకే బూడిదరంగులో వస్తే జత కుదిరినట్టు. ఒకటి బాగా నల్లగా వస్తే వేరే షేడ్ అడగండి.

ముఖానికి పసుపు రాసే అలవాటుంటే రెండు మూడు రోజులు ఆపండి. ఆ రంగు చర్మం మీద ఉండిపోతుంది, కూల్ వాళ్ళు కూడా వార్మ్‌గా కనబడతారు. మేకప్, కాటుక, బొట్టు, కళ్ళజోడు తీసేయాలి. ముక్కుపుడక తీయలేకపోతే దానిమీద చిన్న మైక్రోపోర్ టేపు ముక్క అంటించండి. ముఖం కడిగాక అరగంట ఆగండి, రుద్దినందుకు వచ్చిన ఎరుపు తగ్గాలి. జుట్టుకి గోరింటాకో డైయో వేసి ఉంటే బూడిదరంగు గుడ్డతో కప్పేయండి. ఒంటిమీద బట్టలు కూడా అలాగే.

ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి గడ్డం కిందే పరిచి, పైది లాగేస్తే కిందది బయటపడేలా పెట్టుకోవాలి. ఒకటి విప్పి ఇంకొకటి వెతికి కట్టుకునేలోపు ముందుది ఎలా ఉందో కళ్ళు మర్చిపోతాయి. చూసేవాళ్ళు నాలుగైదు అడుగుల దూరంలో కూర్చుని, మారిన మొదటి రెండు మూడు క్షణాల్లోనే తేల్చేయాలి. ఆ తర్వాత కన్ను ఆ రంగుకి అలవాటు పడిపోతుంది. మధ్యలో పది క్షణాలు బూడిదరంగు గుడ్డ చూసి మళ్ళీ మొదలుపెట్టాలి.

చూడాల్సింది గుడ్డని కాదు. కళ్ళ కింద నీడ, ముక్కు పక్క మడత, మూతి చుట్టూ నలుపు, దవడ గీత. నప్పని రంగుకి చామనఛాయ మీద బూడిద రాసినట్టు ఒక పొర తేలుతుంది, దవడకీ మెడకీ మధ్య గీత చెరిగిపోతుంది. నప్పిన రంగుకి చర్మమంతా ఒకే రంగులా సర్దుకుంటుంది, కంటి తెలుపు తేటపడుతుంది. గుడ్డ ముందు కనబడి ముఖం తర్వాత కనబడిందంటే ఆ రంగు మీకు ఎక్కువైనట్టు.

ఇంకొక్కటి, ఇది గట్టిగా చెప్పాలి. పక్కన చూసేవాళ్ళని "ఏది బాగుంది?" అని అడిగితే మనవాళ్ళు ఏ రంగులో తెల్లగా కనిపించారో దాన్నే చూపిస్తారు. చాలాసార్లు ఆ తెలుపు పాలిపోవడమే. చామనఛాయ నిండుగా, ఆరోగ్యంగా కనబడటం మనకి కావాలి. "మూతి చుట్టూ నలుపు ఎందులో తగ్గింది?" అని అడగండి, అప్పుడే సరైన జవాబు వస్తుంది.

పగటివెలుతురు:

పైన చెప్పినదంతా సరే, వెలుతురు తప్పితే మాత్రం మొత్తం తప్పుతుంది.

ట్యూబులు, బల్బులు ఆపి కిటికీ ఎదురుగా కూర్చోండి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్య, ఎండ నేరుగా పడకూడదు. ఉత్తరం కిటికీ మంచిదని అన్నిచోట్లా రాస్తారు, అది ఐరోపా, అమెరికా లెక్క. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి జులై చివరిదాకా నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు ఉత్తరం వైపే వాలి ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరం కిటికీ దగ్గర ఎండ పొడ పడుతోందేమో చూసుకోవాలి. గోడ రంగు, కిటికీ బయట వేపచెట్టు, పక్కింటి గులాబీ గోడ అన్నీ ముఖం మీదికి రంగు కొడతాయి. చెట్టు పచ్చదనం పడితే ముఖం అనవసరంగా జబ్బు చేసినట్టుంటుంది.

పగటి వెలుతురు దొరక్కపోతే 5000 నుంచి 5500 కెల్విన్ (వెలుతురు రంగు కొలత), సీఆర్ఐ (దీపం కింద రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే కొలత, 100 అయితే పూర్తి) 95 పైన ఉన్న దీపం కావాలి. మామూలు ఎల్ఈడీలు 80 దగ్గర ఉంటాయి. వాటిలో ముదురు ఎరుపు సరిగ్గా పలకదు, చర్మానికి కావాల్సింది ఆ ఎరుపే.

యాప్‌ల మాటలు ఎందుకు కలవవంటే, ఫోన్ కెమెరా వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా రావడానికి చేసే రంగుల సర్దుబాటు) తనంతట తాను మార్చుకుంటుంది. కనకాంబరం గుడ్డ ఫ్రేమ్ నిండా ఉంటే "వెలుతురు నారింజగా ఉంది" అనుకుని ఫోటో మొత్తాన్ని నీలం వైపు తోస్తుంది, మీ చర్మం ఆ ఫోటోలో కూల్‌గా వస్తుంది. నీలం గుడ్డ వేస్తే దీనికి తిరగబడుతుంది. ఫోటో తీయాలనుకుంటే వెనక కెమెరాతో, ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ 5500 దగ్గర బిగించి, ఎక్స్‌పోజర్ కూడా లాక్ చేసి అన్ని ముక్కలకీ అదే సెట్టింగ్‌తో తీయండి. బ్యూటీ మోడ్ పూర్తిగా ఆపాలి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

ఫోటో చుట్టూ రంగు చక్రం పెట్టి చూపించే యాప్‌లలో ఇంకో లోపం ఉంది. గుడ్డ గడ్డం కింద ఉన్నప్పుడు రెండు పనులు జరుగుతాయి: గుడ్డ నుంచి వెలుతురు తిరిగి ముఖం మీద పడటం ఒకటి, పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపించడం ఇంకొకటి. ఈ రెండోదాన్ని 1839లోనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రుల్ వివరించాడు. ప్యారిస్‌లోని గోబెలాన్ నేతశాలలో నల్ల దారం వెలిసినట్టుందని ఫిర్యాదులొస్తే, లోపం అద్దకంలో కాదు, పక్కనున్న రంగుల్లో ఉందని తేల్చింది ఆయనే. తెరమీద రంగు చక్రం ఈ రెండో పని మాత్రమే చేయగలదు. వెలుతురు పడటం దాంట్లో లేనే లేదు.

గోరింటపూలు:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఏడు జతలూ కిటికీ దగ్గర రెండు రోజులు, రెండో రోజు వరస తిప్పి చూశాం. బంతిపువ్వు పసుపుకి మూతి చుట్టూ నలుపు తగ్గింది, మెంతిరంగుకి మళ్ళీ వచ్చింది. రాణీ బాగుంది, ఉల్లిపొర రంగుకి ముఖమంతా బూడిదే. ఆనందబ్లూ కూడా బూడిద నీలం కన్నా చాలా నయం. కనకాంబరానికీ రాణీకీ పెద్ద తేడా లేదు, రాణీకి దవడ గీత కాస్త తేటగా ఉంది. ఎరుపుల్లో దానిమ్మగింజ కొంచెం మెరుగు. నేవీ, ఆకాశనీలం రెండూ ఫర్వాలేదు. తెలుపుకి కళ్ళు మెరిశాయి, హాఫ్ వైట్‌కి పళ్ళు కూడా పసుపుగా కనబడ్డాయి.

జాకెట్టుముక్క:

బాగా చూశారు. మీకు మొదటి కొలత తేట-మసక. మూడు జతల్లోనూ తేటదే గెలిచింది, అదీ వార్మ్ జతలో కూడా. బంతిపువ్వు పసుపు నప్పి మెంతిరంగు ఓడిందంటే మీకు పడనిది వేడి కాదు, మసక. సాఫ్ట్ సమ్మర్, సాఫ్ట్ ఆటమ్ రెండూ కొట్టేయండి.

తేట మొదట వచ్చే సీజన్లు రెండే, వార్మ్ వైపు బ్రైట్ స్ప్రింగ్, కూల్ వైపు బ్రైట్ వింటర్. తెలుపు, దానిమ్మ ఎరుపు, రాణీ మూడూ కొద్దికొద్దిగా కూల్ వైపు మొగ్గాయి కాబట్టి బ్రైట్ వింటర్ అంటాను. ట్రూ వింటర్ (పూర్తిగా కూల్) అయ్యుంటే కనకాంబరం రంగు గట్టిగా ఓడిపోవాలి, మీకు అలా జరగలేదు. రూఢి చేసుకోవాలంటే ఇంకో రెండు జతలు: చిలకపచ్చ పక్కన పచ్చల పచ్చ, నలుపు పక్కన ఆనందబ్లూ. మొదటి జతలో పచ్చల పచ్చ గెలిస్తే బ్రైట్ వింటర్, చిలకపచ్చ స్పష్టంగా గెలిస్తే బ్రైట్ స్ప్రింగ్. రెండో జతలో ఆనందబ్లూ కన్నా నలుపే నయమనిపిస్తే డీప్ వింటర్‌ని (ముదురుదనం మొదట వచ్చే వింటర్) కూడా మెరూన్, నేరేడుపండు రంగులతో ఒకసారి చూడాలి.

ఈ పేర్లు మన రుతువులతో పోల్చుకోకండి. సమ్మర్ అనగానే మనకి రోహిణి కార్తె ఎండ తలపుకొస్తుంది, ఈ పద్ధతిలో సమ్మర్ అంటే చల్లగా, మసకగా ఉండే రంగులు.

నీలిమందు:

బ్రైట్ అన్నదాంతో ఏకీభవిస్తాను. వింటర్ అని అప్పుడే తేల్చడం నాకు తొందరగా అనిపిస్తోంది. కనకాంబరం పేరుతో కొట్లో పీచ్ నుంచి ముదురు నారింజ దాకా ఏదైనా ఇచ్చేస్తారు. గులాబీ కలిసిన కనకాంబరం అయితే అది సగం కూల్‌కి దగ్గరే, ఆ జత తేడా చూపించకపోవడంలో వింత లేదు. అసలు కనకాంబరం పువ్వు పక్కన పెట్టి ముక్క ఎంచుకుని ఆ జత మళ్ళీ చూడండి.

నల్ల జుట్టు, ముదురు కళ్ళు అనగానే వింటర్ అనేయడం పాత అలవాటు. 1980 ప్రాంతంలో అమెరికాలో నాలుగు సీజన్ల పద్ధతి జనంలోకి వెళ్ళినప్పుడు తెల్లవాళ్ళు కానివాళ్ళని దాదాపు అందర్నీ వింటర్‌లోకే తోసేశారు. జుట్టు, కళ్ళు మనలో ఎక్కువమందికి ఒకటే రంగు కాబట్టి వాటితో మనవాళ్ళని విడదీయలేం, చర్మం గుడ్డకి ఎలా స్పందించిందన్నదే ఆధారం. చామనఛాయలో నిఖార్సైన సాఫ్ట్ సమ్మర్లు, బ్రైట్ స్ప్రింగ్‌లు ఉంటారు. వేసవిలో ముఖం కమిలినప్పుడు చూసి ఉంటే వానాకాలంలో ఇంకోసారి చూడండి. నలుపెక్కితే లేత-ముదురు లెక్క కొంచెం జరుగుతుంది.

మెంతిరంగు పట్టుచీర పక్కన పెట్టేయనక్కర్లేదు. ముఖం మీదికి వెలుతురు కొట్టేది గడ్డం కింద జానెడు మేర ఉన్న గుడ్డే, చీరకట్టులో అక్కడ ఎక్కువగా ఉండేది జాకెట్టు. మెంతిరంగుకి రాణీ జాకెట్టు కుట్టించండి, మెడ మరీ కిందికి దించకుండా బోట్ నెక్ పెట్టిస్తే రాణీ రంగు ముఖానికి దగ్గరగా ఉంటుంది. అంచు రాణీ అయితే పల్లూ మడతల్లో ఆ అంచు మెడ పక్కకి వచ్చేలా పిన్ను పెట్టండి. జాకెట్టు చేతులకి జరీ ఉన్నా ఫర్వాలేదు, మెడ చుట్టూ మాత్రం వేయించకండి. కుట్టడానికి ఇచ్చేముందు ఆ రాణీ ముక్కని చీరమీద పరిచి, పైన చెప్పిన కిటికీ దగ్గరే, గడ్డం కింద ఒకసారి పెట్టి చూసుకోండి. కొట్లో దీపాల కింద రాణీ అనుకున్నది పగటిపూట మెరూన్ వైపు పోతుంటుంది.

గోరింటపూలు:

అసలు కనకాంబరం పువ్వు పక్కన పెట్టి చూస్తే నా ముక్క గులాబీ వైపే ఉందండీ. రేపు నారింజ ఉన్నది, చిలకపచ్చ, పచ్చల పచ్చ తెస్తాను. ఆదివారం చూసి ఇక్కడే రాస్తాను.