బలవంతుఁడ నాకేమని: ఈ పద్యం పాముకు చెప్పిందా, చీమలకు చెప్పిందా?

పర్లాకిమిడి నుంచి ఒక సభ్యుని ప్రశ్న:

సుమతీ శతకంలోని ఈ కందం మనలో చాలామందికి చిన్ననాడే నోటికి వచ్చి ఉంటుంది.

బలవంతుఁడ నాకేమని
పలువురతో నిగ్రహించి పలుకుట మేలా
బలవంత మైన సర్పము
చలిచీమల చేతఁ జిక్కి చావదె సుమతీ!

మా ఊళ్లో తెలుగు పిల్లలకు సెలవుల్లో పద్యాలు నేర్పేటప్పుడు దీని తాత్పర్యం ఎప్పుడూ ఐకమత్యం దగ్గరే ఆగిపోతోంది. బరంపురంలో రాజనీతిశాస్త్రం చదువుతున్న మా అన్నగారి అమ్మాయి మాత్రం, దేశాల మధ్య బలసమతుల్యత అని తమకు పాఠంలో చెప్పేది అచ్చంగా ఇదేనని వాదిస్తోంది. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో పెద్దలు చెప్పగలరని మనవి.

బరంపురం నుంచి సమాధానం:

మాస్టారూ, పద్యం ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నదో ముందు తేల్చుకుంటే మిగిలినది సులువవుతుంది. ఇందులో చీమలకు చేసిన ఉపదేశం ఒక్క ముక్క కూడా లేదు. హెచ్చరిక అంతా ‘నేను బలవంతుణ్ణి, నాకేమి’ అనుకునే వానికే. ఐకమత్యం అన్నది మనం పాఠశాలలో తగిలించుకున్న తాత్పర్యం. చెడ్డదని అనను గాని, పద్యంలో ఉన్నది అది కాదు.

మీ అమ్మాయి చెప్పినదానిలో సగం నిజముంది. అంతర్జాతీయ సంబంధాల పండితుడు కెన్నెత్ వాల్ట్జ్ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, రాజ్యాల మీద అజమాయిషీ చేసే పై అధికారం ఏదీ లేదు కనుక ఎవరి రక్షణ వారే చూసుకోవాలి. అందుచేత ఒక రాజ్యం మితిమీరి బలపడితే, మిగిలినవి దానికి ఎదురుగా మొగ్గుతాయి. ఈ లెక్కలో బలపడడమే కారణం. పాము ఎవరినైనా కసిరిందా, బుసకొట్టిందా అన్న విచారణతో పని లేదు. మన పద్యం అలా చెప్పడం లేదు. పాము మొదటినుంచీ బలమైనదే, ఆ బలం వల్లనే చస్తుందని కవి అనలేదు. ‘పలువురతో నిగ్రహించి పలుకుట’ అని రెండో పాదంలో చెప్పినదే చావుకు దారి తీసిన దోషం. ఇది వాల్ట్జ్ మాట కన్నా, అదే రంగంలోని మరో పండితుడు స్టీఫెన్ వాల్ట్ 1987లో చెప్పినదానికి దగ్గర. రాజ్యాలు ఎదుటివాని బలాన్ని మాత్రమే చూసి కాక, వాని నుంచి తమకు కలిగే ముప్పును చూసి జట్టు కడతాయని ఆయన వాదం. ముప్పును కొలవడానికి ఆయన చెప్పినవి నాలుగు: మొత్తం బలం, సామీప్యం, దాడి చేయగల శక్తి, దురుద్దేశం. మొదటిదీ చివరిదీ పద్యంలో మొదటి రెండు పాదాలుగా ఉన్నాయి. పేర్లు ఇంత దగ్గరగా ఉండడం వల్ల పరీక్షల్లో వాల్ట్జ్‌నూ వాల్ట్‌నూ కలగలిపేయడం పిల్లలకు మామూలే, మీ అమ్మాయిని అందుకు తప్పుపట్టనక్కరలేదు.

దీనికి నేను చూపించే సాక్ష్యం ప్రాచీన గ్రీసులోని ఏథెన్స్ నగర రాజ్యం. క్రీ.పూ. 416లో, స్పార్టాతో తగాదాలో ఏ పక్షమూ చేరకుండా ఉండిపోయిన మెలోస్ అనే చిన్న ద్వీపం మీదికి ఏథెన్స్ నౌకాదళాన్ని పంపింది. లొంగిపొమ్మని అడిగిన దూతలు న్యాయాన్యాయాల ప్రసక్తి తీసుకురాలేదు. బలవంతులు చేయగలిగినది చేస్తారు, బలహీనులు పడవలసినది పడతారు అన్నారు. ‘బలవంతుఁడ నాకేమని’ అన్నదానికి ఇంతకన్నా స్పష్టమైన రూపం చరిత్రలో దొరకడం కష్టం. మెలోస్ లొంగలేదు. ముట్టడి తరువాత ఊరు పట్టుబడినప్పుడు, చేతికి చిక్కిన వయసొచ్చిన మగవారిని చంపి, ఆడవారినీ పిల్లలనూ బానిసలుగా అమ్మేశారు. ఈ సంగతులన్నీ రాసిపెట్టిన గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ ఆ దండయాత్రలోని ఓడల లెక్క కూడా చెప్పాడు: ఏథెన్స్‌వి 30, కియోస్‌వి 6, లెస్బోస్‌వి 2. ఇందులో ఏథెన్స్‌కు మిత్రద్వీపమైన కియోస్‌ను గుర్తుపెట్టుకోండి. మరుసటి ఏడాదే ఏథెన్స్ సిసిలీ మీదికి పెద్ద సైన్యాన్ని పంపింది. అది క్రీ.పూ. 413లో సర్వనాశనమైంది. 412లో ఏథెన్స్‌పై తిరగబడినవారిలో మొట్టమొదటివారి వరుసలో నిలిచినది, మెలోస్ మీదికి ఏథెన్స్‌కు సాయంగా 6 ఓడలు పంపిన ఆ కియోస్‌యే. ఆ తరువాత పారశీకుల డబ్బు స్పార్టా ఓడలకు అందింది. 404లో ఏథెన్స్ లొంగిపోయింది. మెలోస్ ఒక్కటీ చీమగా ఏమీ చేయలేకపోయింది, నిజమే. కాని పక్కన నిలబడి ఆ మాటలు విన్నవారు, ఆ చేత చూసినవారు ఎందరో ఉన్నారు.

ఇక పద్యం దాటవేసినది కూడా చెప్పాలి. చలిచీమలు ఎలా కలిశాయి? ముందు ఏ చీమ కదిలింది? ‘చావదె’ అని కవి తేలికగా అనేశాడు గాని, కూటమి కట్టడమే అన్నిటికన్నా కష్టమైన పని, ఎందుకంటే పక్కవాడు పోరాడితే ఫలితం తనకూ దక్కుతుందని ప్రతివాడూ వేచి చూస్తాడు. నెపోలియన్‌నే చూడండి. 1805లో ఆస్ట్రియా, రష్యా అతనితో తలపడుతుంటే ప్రష్యా పక్కన ఉండిపోయింది. మరుసటి ఏడాది యేనా దగ్గర చావుదెబ్బ తిన్నది ఆ ప్రష్యాయే. ముగ్గురూ ఒకే రణరంగంలో నిలవడానికి 1813 దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికీ ఒకరిమీద ఒకరికి నమ్మకం లేదు కనుకనే, 1814లో షోమాంట్ ఒప్పందంలో బ్రిటన్‌తో సహా నాలుగు రాజ్యాలూ చెరొక 1,50,000 మంది సైన్యాన్ని నిలుపుతామనీ, విడిగా సంధి చేసుకోబోమనీ కాగితం మీద రాసుకోవలసి వచ్చింది.

రాయగడ నుంచి ఒక ఆక్షేపణ:

వ్యాఖ్యానం బాగున్నది గాని, నాకొక సందేహం. పాము మనసులో ఏముందో చీమకు ఎలా తెలుస్తుంది? ఎదుటి రాజ్యం ఉద్దేశం ఏదో ఎవరికీ నిశ్చయంగా తెలియదు కనుకనే, పెద్ద రాజ్యాలు బలాన్ని చూసి భయపడక తప్పదని అదే రంగంలోని పండితుడు మియర్‌షైమర్ 2001లో రాశాడు. అంతకు ముందే, 1907 జనవరిలో, బ్రిటన్ విదేశాంగ శాఖ ఉద్యోగి ఐర్ క్రో జర్మనీ గురించి రాసిన నివేదికలో ఈ వాదమే ఉన్నది. జర్మనీ ఉద్దేశపూర్వకంగా ఆధిపత్యం కోరినా, ఏ పథకమూ లేకుండా ఊరికే పెరుగుతూ పోయినా, ఇంగ్లండుకు ముప్పు మాత్రం ఒకటేనన్నాడు. కటువుగా పలికే పాము కన్నా తీయగా పలికే పాము ప్రమాదకరం కాదా?

బరంపురం నుంచి:

అమ్మా, మీ ఆక్షేపణ బలమైనదే; ‘పలుకుట’ అన్నదానిని కేవలం నోటిమాటగా తీసుకుంటే నా వ్యాఖ్యానం నిలవదు. నడవడి అని విశాలంగా తీసుకోవాలి. క్రో నివేదిక రాసిన కాలంలోనే బ్రిటన్‌ను మించి ఎదుగుతున్న రాజ్యం ఇంకొకటి ఉన్నది, అదే అమెరికా. వెనిజువెలా సరిహద్దు విషయంలో 1895లో అమెరికా బ్రిటన్‌తో కటువుగానే మాట్లాడింది. అయినా బ్రిటన్ దానిమీద కూటమి కట్టలేదు సరికదా, 1901లో పనామా ప్రాంతపు కాలువ విషయంలో పంతం వదిలి ఒప్పందం చేసుకున్నది. జర్మనీ మాత్రం 1898 నుంచి చట్టాలు చేసి మరీ యుద్ధనౌకలు కట్టసాగింది, అదీ ఇంగ్లండు గుమ్మం ముందున్న ఉత్తర సముద్రంలో. ఫ్రాన్సుతో 1904లో, రష్యాతో 1907లో బ్రిటన్ పాత తగాదాలు పరిష్కరించుకున్నది ఆ తరువాతే. కేవలం బలమే కారణమైతే అమెరికాను చూసి కూడా అంతే బెదరాలి కదా. ‘పలువురతో’ అన్నదానికి కూడా ఇక్కడ విలువ ఉన్నది. ఫ్రాన్సు, రష్యా ఏకం కాకుండా చూడడమే జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ పట్టుదల. ఆయన దిగిపోయిన 1890లోనే రష్యాతో ఒప్పందాన్ని జర్మనీ పునరుద్ధరించలేదు, 1894 నాటికి ఆ రెండూ చేతులు కలిపాయి.

పర్లాకిమిడి నుంచి:

చర్చకు కృతజ్ఞతలు. మన ప్రాంతపు చరిత్రను ఈ పద్యం పక్కన పెట్టి చూస్తే నాలుగో పాదం దగ్గర చిక్కు వస్తున్నది. 1757లో విజయనగరం పూసపాటి విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో బొబ్బిలి కోటను పడగొట్టించాడు, వెంటనే తాండ్ర పాపారాయుని చేతిలో హతుడయ్యాడు. ఇది పద్యానికి సరిపోతుందనుకుంటే, అతని తరువాత వచ్చిన ఆనందగజపతి ఫ్రెంచివారిని వదిలించుకోవడానికి ఇంగ్లీషువారిని ఆహ్వానించాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. పిలిచి తెచ్చిన రెండో పాము మాత్రం ఇక్కడే స్థిరపడింది. 1765 నాటి మొగలు ఫర్మానాతో ఉత్తర సర్కారులు దాని చేతికి వచ్చాయి. కౌటిల్యుడు షాడ్గుణ్యంలో, అంటే పరరాజ్యాలతో వ్యవహరించే ఆరు ఉపాయాలలో, చెప్పిన సంశ్రయం అంటే బలవంతుని ఆశ్రయించడం. మన జమీందారులు ఎంచుకున్నది ఎక్కువగా అదే. 1768లో మా కిమిడి నారాయణదేవు జలుమూరు దగ్గర ఇంగ్లీషు సేనాని కర్నల్ పీచ్ సైన్యం చేతిలో ఓడిపోయాడు. 1936 ఏప్రిల్ 1న గీసిన ఒడిశా రాష్ట్రపు సరిహద్దు వల్ల ఆ ఊరు ఇప్పుడు మాకు అవతలివైపున, శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది. విజయనగరం ఇంగ్లీషు కుంపిణీతో యుద్ధానికి దిగి, చిన్న విజయరామరాజు పద్మనాభం దగ్గర నేలకొరిగేసరికి 1794 వచ్చింది. అప్పటికి జలుమూరు జరిగి 26 ఏళ్లు; మన చీమలు ఒకేసారి కదలనే లేదు.