అంకోర్ గుళ్లకు టుక్‌టుక్ డ్రైవరే గైడ్‌గా సరిపోతాడా? అమ్మతో వెళ్తున్నాను

హనుమకొండ_కుర్రోడు:
అందరికీ నమస్తే. జనవరిలో అమ్మను తీసుకుని కంబోడియా వెళ్తున్నాను. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కడి నుంచి అంకోర్ పక్కనున్న ఊరు సియెమ్ రీప్‌కు ఫ్లైట్ బుక్ చేసేశాను. అమ్మకు పాత గుళ్లంటే ప్రాణం. రామప్పకు ఎన్నిసార్లు తీసుకెళ్లినా మళ్లీ పోదామంటుంది. కానీ మోకాళ్ల నొప్పులు. హోటల్ వాళ్లేమో "టుక్‌టుక్ డ్రైవర్‌ను మాట్లాడి పెడతాం, ఇంగ్లిష్ వచ్చు, అన్నీ ఆయనే చూపిస్తాడు" అంటున్నారు. విడిగా గైడ్ అంటే మళ్లీ ఖర్చు. డ్రైవర్ ఒక్కడితో పని జరుగుతుందా? గుళ్లు చూసే పాస్ ఎన్ని రోజులది తీసుకోవాలి? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

కరీంనగర్_అన్న:
దగ్గరి గుళ్లకు టుక్‌టుక్ చాలు తమ్ముడూ, గాలి బాగా వస్తుంది. బాంతే స్రే గుడికి వెళ్లే రోజు మాత్రం కారు తీసుకో, అది దూరం, పెద్దావిడ నడుం పట్టేస్తుంది. ఇంకోటి, షాపులకు వద్దని ముందే చెప్పెయ్. మా డ్రైవర్ అడగకుండానే పట్టు బట్టల దుకాణం ముందు ఆపాడు. మా ఇంటావిడ లోపలికి వెళ్లిందంటే ఇక ఆ పూట గుడి లేదు.

రిటైర్డ్_సోషల్_సార్:
బాబూ, మాది కాజీపేట. నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం. "అన్నీ ఆయనే చూపిస్తాడు" అనే మాట సగమే నిజం. గుడి లోపల గైడ్ పని లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. డ్రైవర్ మిమ్మల్ని గేటు దగ్గర దింపి, మళ్లీ ఏ గేటు దగ్గర ఎక్కించుకుంటాడో చెప్పి, బండిలోనే ఊయల కట్టుకుని కునుకు తీస్తాడు.

అయితే ఆ సగం చాలా విలువైనది. మా డ్రైవర్ ఇంగ్లిష్ అంతంత మాత్రమే, కానీ ఏ గుడికి ఏ పూట వెళ్లాలో ఆయనకే వదిలేశాం. సూర్యోదయం కోసం వచ్చిన జనమంతా అంకోర్ వాట్ పడమటి వైపు కోనేటి దగ్గర తోసుకుంటుంటే, మమ్మల్ని తూర్పు వైపు దింపాడు. చెట్ల మధ్య మట్టి దారి, మనిషి జాడ లేదు. "రేపు బౌద్ధుల పుణ్యదినం, పై అంతస్తు మూసేస్తారు, ఎక్కేదుంటే ఇవాళే ఎక్కండి" అని చెప్పింది కూడా ఆయనే. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి, అమ్మగారిని మాత్రం ఎక్కించకు.

ఇక శిల్పాల సంగతి. రామాయణ భారతాలు వింటూ పెరిగినవాళ్లకు అంకోర్ వాట్ కింది వసారాల్లో గైడ్ ఎందుకంటాను నేను. పడమటి వైపు నుంచి లోపలికి వెళ్తే కుడి చేతి వైపు కురుక్షేత్రం. అంపశయ్య మీద భీష్ముణ్ణి మా ఆవిడ నాకంటే ముందే పట్టేసింది. ఎడమ చేతి వైపు లంకా యుద్ధం. రాముడు హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తుంటాడు, వెనక లక్ష్మణుడు, విభీషణుడు. తూర్పు వసారాలో క్షీరసాగర మథనం, దాదాపు 49 మీటర్ల పొడవు! ఒకవైపు 92 మంది అసురులు, ఇంకోవైపు 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, ఆయన కింద కూర్మం. రాయి కొన్నిచోట్ల మన వేయిస్తంభాల గుడి నందిలా నిగనిగలాడుతుంది. ఒక్కటి గుర్తుంచుకో, ఈ గుడి ముఖం పడమరకు. బొమ్మలు వరసగా చూడాలంటే కుడివైపు నుంచి మొదలుపెట్టి, గుడిని ఎడమ చేతికి ఉంచుకుని తిరగాలి. మన ప్రదక్షిణకు ఇది ఎదురు కదా, మా ఆవిడ మొదట ససేమిరా అంది.

గైడ్ కావాల్సింది బయోన్‌లో. అది ఏడవ జయవర్మన్ అనే రాజు కట్టించిన బౌద్ధాలయం. గోడల నిండా పక్క రాజ్యం చాంపా సైన్యంతో పడవల యుద్ధం, కోడిపందాలు, వంటలు, సంత. ఎవరు ఎవరో మనకు అంతుపట్టదు. ఆ రాజే తా ప్రోమ్ అనే ఇంకో గుడి కట్టించింది 1186లో. మన వేయిస్తంభాల గుడి 1163, రామప్ప 1213. నలభై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ణి, ఈ మూడు తేదీలూ ఒక్క వరసలో పెట్టుకుని చూస్తే మతి పోయింది. తా ప్రోమ్‌లో చెట్ల వేళ్ల మధ్య గోడలు నిలబెట్టే పనిలో మన ఏఎస్ఐ, అంటే భారత పురావస్తు శాఖ వాళ్లూ ఉన్నారు, అదీ చెప్పు అమ్మగారికి.

ఆవిడకు బాగా నచ్చేది బాంతే స్రే అని నా నమ్మకం. 967 నాటిది, చిన్నది, ఎక్కాల్సింది పెద్దగా లేదు. గులాబీ రంగు ఇసుకరాయి మీద రావణుడు కైలాసాన్ని కదిలించడం, వాలి సుగ్రీవుల పోరు ఎంత సన్నగా చెక్కారో. రామప్ప చూసిన కన్ను అక్కడి నుంచి తొందరగా కదలదు.

జగిత్యాల_అక్క:
పాస్ గురించి నేను చెప్తా. ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజులది పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు కాబట్టి అదే తీసుకో, మధ్యలో అమ్మకు ఒక రోజు రెస్ట్ ఇవ్వొచ్చు. ప్రతి గుడి దగ్గరా చూస్తారు, పారేసుకోకు. డాలర్ నోటు కాస్త చిరిగినా తీసుకోరు, ఇక్కడే మంచి నోట్లు చూసి తీసుకెళ్లు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, చీర అయితే ఏ టెన్షన్ లేదు. అమ్మ శాకాహారి అయితే కూరగాయల కూరలో కూడా చేపల సాస్ వేస్తారు, అడిగి తినండి. కొత్త ఎయిర్‌పోర్ట్ ఊరికి 40 కిలోమీటర్ల పైనే, ఆ బండి కూడా ముందే మాట్లాడుకో.

సార్‌తో నాకు ఒక్క దగ్గర పేచీ. దక్షిణ వసారాలో రెండవ సూర్యవర్మన్ ఊరేగింపు ఉంది కదా, గుడి కట్టించిన రాజు గొడుగుల కింద కూర్చుని ఉంటాడు. అది ఏ పురాణంలోనూ లేదు. గైడ్ లేకుండా మేము నేరుగా దాటేసి పోయేవాళ్లం.

రిటైర్డ్_సోషల్_సార్:
అది నిజమే అమ్మా, ఒప్పుకుంటున్నాను. అయితే బాబూ, ఒక్క పూటకే గైడ్‌ను మాట్లాడు, పొద్దున్నే దక్షిణ వసారా, అటునుంచి అటే బయోన్. ముందు రోజు సాయంత్రమే డ్రైవర్‌కు చెబితే తెలిసిన గైడ్‌కు ఆయనే ఫోన్ చేస్తాడు. లైసెన్సు కార్డు మాత్రం అడిగి చూడు.

హనుమకొండ_కుర్రోడు:
థాంక్స్ సార్, థాంక్స్ అక్కా. పాస్ మూడు రోజులది, బాంతే స్రే రోజు కారు, గైడ్ ఒక్క పూట. అమ్మకు చదివి వినిపించాను. ఎడమ చేతికి తిరగడం మాత్రం అక్కడికి వెళ్లాక చూద్దామంది.