అంగన్‌వాడీలో ఆయా లేదు, అర్జీ ఎవరికివ్వాలి?

మాది పాత గుంటూరు. పాపకి మూడేళ్లు నిండాక మా వీధి అంగన్‌వాడీలో చేర్పించాను. రిజిస్టర్‌లో 28 పేర్లు, చాప మీద కూర్చునేది పదిమందే. మిగతావాళ్లు ఆటోలెక్కి ప్రైవేట్ నర్సరీకి పోతున్నారు, పేర్లు మాత్రం ఇక్కడే.

ఆయా రిటైరై ఏడు నెలలైంది. వంట, పిల్లల్ని కడగడం, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ (పిల్లల హాజరు, బరువు ఎక్కించే యాప్) నింపడం అన్నీ టీచరమ్మే. నిన్న చూస్తే ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో అక్షరాల చార్టు! 2019లో 11,500కి పెంచిన గౌరవ వేతనానికి ఇన్ని పనులా? కదిపితే, "పిల్లలు తక్కువని పక్క సెంటర్‌లో కలిపేస్తారేమోనమ్మా" అంటోంది.

ఆయా పోస్టు కోసం ముందు సూపర్‌వైజర్‌ని కలవాలా, నేరుగా సీడీపీఓకి (సూపర్‌వైజర్ పైన ఉండే అంగన్‌వాడీల ప్రాజెక్టు అధికారికి) అర్జీ ఇవ్వాలా? సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇస్తే కదులుతుందా? హాజరు తక్కువైతే పోస్టు ఆపుతారా? ఇలా సాధించినవాళ్లుంటే చెప్పండి. టీచరమ్మకి మాట రాకూడదు, అదే నా టెన్షన్.